గడప దగ్గరి వైద్యం: మాజీ సైనికులు మళ్లీ ఆసుపత్రి పాలవకుండా ఎంతవరకు ఆపుతుంది?

తూర్పు బెంగళూరులో ఒక పక్క ఐటీపీఎల్, ఇంకో పక్క కె.ఆర్.పురం. ఆ రెంటి నడుమ హూడి. కొడుకో కూతురో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో స్థిరపడ్డాక ఊరి ఇంటికి తాళం వేసి ఇక్కడికి వచ్చేసిన తెలుగు తల్లిదండ్రులు ఈ అపార్ట్‌మెంట్లలో చాలామందే ఉన్నారు. వాళ్లలో చిత్తూరు, అనంతపురం, ప్రకాశం, గోదావరి జిల్లాల నుంచి సైన్యంలోకి వెళ్లి వచ్చినవాళ్లూ కనిపిస్తారు. బెంగళూరే కేంద్రంగా ఉన్న మద్రాస్ ఇంజినీర్ గ్రూప్‌లో, అంటే మద్రాస్ సాపర్స్‌లో, పనిచేసిన తెలుగువాళ్లకు ఈ నగరం కొత్తేమీ కాదు. వయసు మీద పడ్డాక గుండె బలహీనపడటం, ఊపిరితిత్తుల జబ్బు, పక్షవాతం, తుంటి ఎముక విరగడం మామూలే. ఆసుపత్రిలో చేరతారు, తేరుకుంటారు, ఇంటికొస్తారు. నెల తిరక్కుండానే మళ్లీ అంబులెన్స్ పిలవాల్సి వస్తుంది.

ఇంటికి వచ్చి చూసే నర్సు, ఫిజియోథెరపిస్టు, డాక్టరు ఈ రెండో ప్రయాణాన్ని తప్పించగలరా? అవునో కాదో ఒక్క మాటలో తేలిపోవాల్సిన ప్రశ్నలా కనిపిస్తుంది. దాని మీద నలభై ఏళ్లుగా అధ్యయనాలు వస్తూనే ఉన్నాయి, ఒకదాని మాట ఇంకొకటి కాదంటూనే ఉంది. వాటిలో బలమైనవి కొన్ని మాజీ సైనికుల మీదే జరిగాయి. ఆ చిక్కుముడిలో ఏ పోగు ఎక్కడిదో చూసి, హూడి లాంటి చోటికి అందులో ఏది పనికొస్తుందో తేల్చుకోవడం ఈ వ్యాసం పని.

లెక్క ఎక్కడ మొదలైంది

మళ్లీ మళ్లీ చేరే రోగుల సంగతి వైద్యులకు ఎప్పట్నుంచో తెలుసు. అది విధాన ప్రశ్నగా మారింది మాత్రం అమెరికాలో వృద్ధుల బీమా పథకం మెడికేర్ లెక్కలు బయటికొచ్చాక. ఆసుపత్రి నుంచి వెళ్లినవాళ్లలో 22 శాతం మంది 60 రోజుల్లోపే తిరిగొస్తున్నారని 1984లో ఆండర్సన్, స్టైన్‌బర్గ్ చూపించారు. 2009లో జెంక్స్, విలియమ్స్, కోల్‌మన్ వేసిన లెక్క ఇంకా గట్టిగా తగిలింది. 30 రోజుల్లో తిరిగొచ్చేవాళ్లు 19.6 శాతం. శస్త్రచికిత్స కాకుండా జబ్బుతో చేరి, అలా నెలలోనే తిరిగొచ్చినవాళ్లలో సుమారు సగం మంది మధ్యలో ఒక్కసారైనా డాక్టరును చూసిన దాఖలా బిల్లుల్లో లేదు. ఇంటి వైద్యాన్ని సమర్థించేవాళ్లు పదే పదే వేలు పెట్టి చూపేది ఈ రెండో అంకెనే. ఆసుపత్రి వదిలింది, బయటి డాక్టరు ఇంకా అందుకోలేదు, మధ్యలో మనిషి గాలిలో ఉన్నాడు.

2013లో హార్లన్ క్రమ్‌హోల్జ్ దీనికి మరో కోణం చేర్చారు. తిరిగొచ్చినవాళ్లలో చాలామంది మొదటి జబ్బుతో రావడం లేదు. ఆసుపత్రిలో నిద్ర చెడి, తిండి తగ్గి, మంచం మీదే పడి ఉండి కండ కరిగి, కొత్త మందులతో తల తిరిగి, ఆ నీరసంలోనే ఇంకో జబ్బుకు చిక్కుతున్నారని ఆయన వాదన. దీన్ని ఆయన ఆసుపత్రి అనంతర రుగ్మత అన్నారు. మన ఇళ్లలో పెద్దలు ఈ మాట పేరు పెట్టకుండానే అంటుంటారు: ‘రోగం తగ్గింది గానీ మనిషి తేరుకోలేదు.’ ఇది నిజమైతే ఇంటికి రావలసింది మందులు చూసే మనిషి ఒక్కరే కాదు. లేచి నడిపించేవాళ్లు, కాస్త అన్నం తినిపించే దారి చూసేవాళ్లు కూడా కావాలి.

ఇంటికే బృందం

మాజీ సైనికుల కోసం ఇంటి వైద్యాన్ని ఒక వ్యవస్థగా నిలబెట్టింది అమెరికా వెటరన్స్ శాఖ. 1970ల మొదట్లో కొన్ని ఆసుపత్రుల్లో మొదలైన పథకం ఇప్పుడు ఇంటి ప్రాథమిక వైద్యం పేరుతో నడుస్తోంది. డాక్టరు, నర్సు, సామాజిక కార్యకర్త, ఫిజియోథెరపిస్టు, పోషకాహార నిపుణులు, ఫార్మసిస్టు, మానసిక నిపుణులు ఒక జట్టు. మంచం దిగలేని, జబ్బు మీద జబ్బున్న మనిషిని జీవితాంతం ఆ జట్టే చూసుకుంటుంది. డిశ్చార్జి తర్వాత పది రోజులు వచ్చిపోయే సేవకు, దీనికి తేడా అక్కడే ఉంది.

దీన్ని గట్టిగా పరీక్షించింది సూసన్ హ్యూజ్ బృందం. 16 వెటరన్స్ ఆసుపత్రుల్లో 1,966 మందిని చీటీ వేసినట్టు రెండు జట్లుగా విడదీసి, 2000లో ఫలితాలు ప్రకటించారు. ఆరు నెలలకు తిరుగు చేరికలు మొత్తం మీద 8 శాతం తగ్గాయి, ఏడాదికి ఆ తేడా నిలవలేదు. బాగా అశక్తులైనవాళ్లలో తగ్గుదల ఆరు నెలలకు 22 శాతం. రోగుల్లోను, చూసుకునే కుటుంబ సభ్యుల్లోను సంతృప్తి స్పష్టంగా పెరిగింది. ఖర్చు మాత్రం ఏడాదికి 12.1 శాతం ఎక్కువైంది. అందరికీ కాస్త, అందరికన్నా బలహీనులకు ఎక్కువ మేలు, కానీ చవక కాదు. నా దృష్టిలో ఈ మొత్తం చర్చలో అన్నిటికన్నా నమ్మదగిన జవాబు ఇదే.

2014లో థామస్ ఈడీస్, సహచరులు ప్రచురించిన లెక్క ఇంతకన్నా ఉత్సాహంగా ఉంటుంది. పథకంలో చేరాక ఆసుపత్రి చేరికలు నాలుగో వంతు తగ్గాయి, ఖర్చు అంచనా కన్నా 11.7 శాతం తక్కువైంది. కానీ ఇక్కడ పోల్చింది చేరకముందు స్థితితో, లెక్కగట్టిన అంచనాతో. పక్కన ఇంకో జట్టు లేదు. ఆ తేడా ఎందుకు ముఖ్యమో ముందు ముందు తెలుస్తుంది.

చూసేకొద్దీ చేరికలు పెరిగిన పరీక్ష

వీటికన్నా ముందే, 1996 నాటి ఒక ఫలితం ఈ రంగాన్ని నిలదీసింది. వైన్‌బర్గర్, ఒడోన్, హెండర్సన్ నేతృత్వంలో తొమ్మిది వెటరన్స్ ఆసుపత్రుల్లో మధుమేహం, ఊపిరితిత్తుల జబ్బు, గుండె వైఫల్యం ఉన్న 1,396 మందిని తీసుకున్నారు. సగం మందికి డిశ్చార్జి ముందు, తర్వాత నర్సు, ప్రాథమిక వైద్యుడి శ్రద్ధ గట్టిగా పెంచారు. ఇది ఇంటి వైద్యం కాదు, దానికి చుట్టం లాంటిది. తిరుగు చేరికలు తగ్గుతాయని ఎదురుచూశారు. మామూలు జట్టులో నెలకు మనిషికి 0.14 ఉంటే, ఈ జట్టులో 0.19 అయ్యాయి! ఆ మనుషులేమో తమకు అందిన వైద్యంతో ఎక్కువ తృప్తిగా ఉన్నారు.

దీన్ని రెండు రకాలుగా చదివారు. శ్రద్ధ పెరిగితే అనవసరపు భయమూ పెరిగి, చిన్నదానికీ ఆసుపత్రికి పంపేస్తున్నారని ఒక వర్గం అంది. ఇన్నాళ్లూ కళ్లపడని జబ్బు ఇప్పుడు కళ్లపడుతోందని ఇంకో వర్గం అంది. రెండోది నిజమైతే తిరుగు చేరిక వైఫల్యం కానే కాదు, మేలే జరిగినట్టు. ఎక్కువమంది ఇంటి వైద్యం ప్రచారకులు ఈ పరీక్ష పేరెత్తరు. ఎత్తాలి.

డిశ్చార్జి దారిలో తోడు

జీవితాంతం జట్టు అక్కర్లేదు, ఆసుపత్రి మంచం నుంచి ఇంటి మంచం దాకా చెయ్యి పట్టుకుంటే చాలు అనేది రెండో దారి. మేరీ నేలర్ 1999లో ఫిలడెల్ఫియాలోని రెండు ఆసుపత్రుల్లో 65 ఏళ్లు దాటిన 363 మందితో చేసిన పరీక్షలో, అనుభవమున్న నర్సు ఆసుపత్రిలోనే పరిచయమై ఆ తర్వాత ఇంటికీ వెళ్లింది. 24 వారాల్లో తిరిగి చేరినవాళ్లు మామూలు జట్టులో 37.1 శాతం, ఈ జట్టులో 20.3 శాతం. ఎరిక్ కోల్‌మన్ 2006 పరీక్షలో పద్ధతి ఇంకా తేలిక: ఒకసారి ఇంటికి వెళ్లడం, కొన్ని ఫోన్ కాల్స్, మందుల పట్టిక, ప్రమాద లక్షణాల కాగితం రోగి చేతికే ఇవ్వడం. 30 రోజుల తిరుగు చేరిక 11.9 నుంచి 8.3 శాతానికి దిగింది.

రెండిటిలోనూ ఆసుపత్రిలో చూసిన మొహమే ఇంటి గుమ్మంలోనూ కనిపించింది. ఆసుపత్రి ఏం చేసిందో తెలియని కొత్త మనిషి ఫైలు తిరగేస్తూ లోపలికొస్తే ఇదే ఫలితం వస్తుందని అనుకోవడానికి లేదు.

యంత్రం కాపలా

2000ల్లో వెటరన్స్ శాఖ ఇళ్లలో పరికరాలు పెట్టింది. రోజూ బరువు, బీపీ, షుగర్, నాలుగు ప్రశ్నలకు జవాబు. అవతల కూర్చున్న నర్సు చూస్తుంది. ఆడమ్ డార్కిన్స్ 2008లో 17,025 మంది లెక్క ఇచ్చారు: ఆసుపత్రిలో గడిపిన రోజులు 25 శాతం, చేరికలు 19 శాతం తగ్గాయి. రెండేళ్లకే, 2010లో, సర్వీసుకు సంబంధం లేని 1,653 మంది గుండె వైఫల్య రోగులతో చీటీ పద్ధతిలో జరిగిన టెలీ-హెచ్‌ఎఫ్ పరీక్ష తేడా ఏమీ లేదని తేల్చింది: తిరిగి చేరడం గానీ మరణం గానీ ఒక జట్టులో 52.3, ఇంకో జట్టులో 51.5 శాతం. అందులో రోగి తానే ఫోన్ చేసి యంత్రానికి అంకెలు చెప్పాలి. చాలామంది కొన్నాళ్లకు మానేశారు. వెటరన్స్ శాఖలో పరికరం వెనక పేరు తెలిసిన నర్సు ఉంది. ఫలితాల తేడాలో కొంత పరీక్షా పద్ధతిది, కొంత ఆ నర్సుది.

ఒకే ఆలోచన, ఒకచోట మేలు, ఒకచోట మరణాలు

ఈ చర్చలో ఎవరూ దాటవేయకూడని ఘట్టం ఊపిరితిత్తుల జబ్బుది. దీర్ఘకాలం పొగ పీల్చిన, దుమ్ములో పనిచేసిన మాజీ సైనికుల్లో ఇది విస్తారం. ఆయాసం ముదిరితే ఇంట్లోనే ముందుగా ఇచ్చి ఉంచిన యాంటీబయాటిక్, స్టెరాయిడ్ మాత్రలు తానే మొదలుపెట్టుకోవడం నేర్పితే ఆసుపత్రి తప్పుతుందని ఆలోచన.

రైస్ బృందం 2010లో ఐదు వెటరన్స్ కేంద్రాల్లో 743 మందితో పరీక్షించింది. ఒక్క శిక్షణ సమావేశం, రాతపూర్వకమైన చర్యల కాగితం, నెలకో ఫోన్ కాల్. ఆసుపత్రి చేరికలు, అత్యవసర విభాగానికి రావడం కలిపి 41 శాతం తగ్గాయి. అందరూ చప్పట్లు కొట్టారు. విన్సెంట్ ఫ్యాన్ బృందం అదే ఆలోచనను మరింత విస్తృతంగా, 20 వెటరన్స్ ఆసుపత్రుల్లో, ఎక్కువ శిక్షణతో చేపట్టింది. 960 మందిని తీసుకోవాల్సి ఉండగా 426 మంది దగ్గరే ఆపేశారు. శిక్షణ పొందినవాళ్లలో 28 మంది, మామూలు వైద్యం పొందినవాళ్లలో 10 మంది మరణించారు. చేరికల్లో తేడా లేదు. ఎందుకలా జరిగిందో పరిశోధకులు ఎంత వెతికినా పూర్తిగా తేలలేదు.

ఒక గది ఊహించుకుందాం. రాత్రి రెండు గంటలు. మంచం అంచున కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆన్చి, మాట పూర్తిచేయలేక మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటున్న మనిషి. బల్ల మీద కాగితం ఉంది, మాత్రలున్నాయి. కాగితం ‘మాత్ర వేసుకో’ అంటుంది. ఆ క్షణాన కావలసింది మాత్రో, ఆక్సిజనో, అంబులెన్సో తేల్చేది ఎవరు? ఆసుపత్రిని తప్పించడమే లక్ష్యమైతే, తప్పించకూడని రాత్రి కూడా తప్పించేస్తాం. ఫ్యాన్ పరీక్షలో మరణాలకు ఇదే కారణమని ఎవరూ రుజువు చేయలేదు, నేనూ అనడం లేదు. కానీ ఇంటి వైద్యం పేరుతో ఏ పథకం మొదలుపెట్టినా ఈ గదిని కళ్లముందు పెట్టుకునే మొదలుపెట్టాలి.

లెక్క మీదే అనుమానం

మరో వర్గం లెక్కనే తప్పుపడుతుంది. వాళ్ల చేతిలో బలమైన ఆయుధం కామ్డెన్ పరీక్ష. న్యూజెర్సీలోని ఆ ఊళ్లో మళ్లీ మళ్లీ ఆసుపత్రికి వచ్చే రోగులకు నర్సులు, సామాజిక కార్యకర్తలు ఇళ్లకు వెళ్లి చేసిన సేవ దేశమంతా ఆదర్శమైంది. ఎమీ ఫిన్‌కెల్‌స్టైన్ బృందం 800 మందితో చేసిన పరీక్ష 2020లో వచ్చింది. 180 రోజుల్లో తిరుగు చేరిక: సేవ అందినవాళ్లలో 62.3, అందనివాళ్లలో 61.7 శాతం. ముందు, తర్వాత మాత్రమే పోల్చి ఉంటే అద్భుతం జరిగినట్టే కనిపించేది. ఎందుకంటే రెండు జట్లలోనూ చేరికలు తగ్గాయి. ఎవరైనా బాగా జబ్బు ముదిరిన దశలోనే మన కళ్లపడతారు. ఆ తర్వాత కొంత దానంతటదే సర్దుకుంటుంది. డార్కిన్స్, ఈడీస్ అంకెల్ని అనుమానంతో చూడమనేది ఇందుకే.

అమెరికా 2012 అక్టోబరు నుంచి తిరుగు చేరికలు ఎక్కువైన ఆసుపత్రులకు జరిమానా మొదలుపెట్టింది. చేరికలు తగ్గాయి. గుండె వైఫల్యం, నిమోనియా రోగుల్లో డిశ్చార్జి తర్వాతి మరణాలు పెరిగాయని 2018లో వాధేరా బృందం చెప్పింది. పెరగలేదని ఇతరులు వాదించారు. ఆ వాదం ఇంకా నడుస్తోంది.

అన్నిటినీ పక్కపక్కన పెడితే ఒక పోలిక కనిపిస్తుంది. పక్కన పోలిక జట్టు లేని అధ్యయనాలు పెద్ద మేలు చూపిస్తాయి, ఉన్నవాటిలో ఎక్కువ భాగం చిన్న మేలో శూన్యమో చూపిస్తాయి. మేలు చూపిన పరీక్షల్లో రోగికి తెలిసిన మనిషి ఉన్నారు, చాలావాటిలో ఆ మనిషికి డాక్టరుతో మాట్లాడే దారి ఉంది. ఎంచుకున్న రోగులు నిజంగా బలహీనులు. రోగి సంతృప్తి కొన్నిచోట్ల స్పష్టంగా పెరిగింది. ఖర్చు ఆదా అన్నది మాత్రం అన్నిచోట్లా నిలబడలేదు. అందుకే ‘ఇంటి వైద్యం తిరుగు చేరికను తగ్గిస్తుందా’ అనే ప్రశ్నే వదులుగా ఉందని నా అభిప్రాయం. ఎవరిని, ఏ వారంలో, ఎంత అధికారమున్న మనిషి చూస్తున్నారన్నది అడగాలి.

హూడి గుమ్మం దగ్గర

మన మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్ 2003 ఏప్రిల్ 1న మొదలైంది. హోదాను బట్టి ఒక్కసారి కట్టే చందాతో సైనికుడికి, భార్యకు, ఆధారపడిన పిల్లలకు, తల్లిదండ్రులకు జీవితాంతం నగదు లేని వైద్యం. దేశమంతటా నాలుగు వందలకు పైగా పాలీక్లినిక్‌లున్నాయి. వయసు పరిమితి, ముందున్న జబ్బుల అడ్డంకి లేవు. ఇది చిన్న విషయం కాదు. మామూలు వృద్ధులకు ఈ దేశంలో ఇలాంటి భద్రత అరుదు. పథకం నిర్మాణం మాత్రం పాలీక్లినిక్, దాని రెఫరల్‌తో వెళ్లే ఎంపానెల్డ్ లేదా సైనిక ఆసుపత్రి అనే రెండు స్తంభాల మీద నిలిచింది. ఇల్లు ఆ పటంలో అంచున ఉంటుంది. 2021 మే 27న ప్రారంభమైన సెహత్ ఓపీడీ అనే ఆన్‌లైన్ వైద్య సేవ ఆ అంచుకు కొంత చేయి చాచింది. నడవలేని మనిషికి వీడియోలో డాక్టరు కనిపించడం మేలే. కానీ కాలి ఎముక మీద బొటనవేలితో నొక్కి, గుంట పడిందో లేదో చూడటం వీడియోకు చేతకాదు.

దూరం లెక్క చూద్దాం. మెట్రో పర్పుల్ లైన్ 2023 అక్టోబరు 9 నుంచి హూడిని నగరం నడిబొడ్డుతో అంతరాయం లేకుండా కలిపింది. అయినా పాత ఎయిర్‌పోర్ట్ రోడ్డులోని వైమానిక దళ కమాండ్ హాస్పిటల్ మెట్రో పక్కన లేదు. ఇందిరానగర్ దాకా రైలు, అక్కణ్నుంచి ఆటో. నాలుగు మెట్లెక్కితే ఆయాసం వచ్చే మనిషికి, డెబ్బై దాటిన భార్య తోడుగా, ఇది సగం రోజు పని. కొడుకు సెలవు పెడితే తప్ప కదలదు. వారానికి చూపించుకోమన్న కాగితం మూడో వారానికి జరుగుతుంది. జెంక్స్ లెక్కలో మధ్యలో డాక్టరును చూడని ఆ సగం మంది ఇలాంటివాళ్లే.

మందుల సంచి తెరిస్తే చిక్కు ఇంకా దగ్గరగా కనిపిస్తుంది. పెద్ద ఆసుపత్రి డిశ్చార్జి కాగితంలో నీరు తీసే మాత్ర ఒక కంపెనీ పేరుతో ఉంటుంది. పాలీక్లినిక్ అదే మందును ఇంకో పేరుతో ఇస్తుంది. పాత సంచిలో మూడో పేరుతో అదే మాత్ర మిగిలి ఉంటుంది. కాగితం ఇంగ్లీషులో, పాలీక్లినిక్ కౌంటరులో మాట హిందీలోనో కన్నడంలోనో, ఇంట్లో మాత్రలు పంచే ఆవిడకు తెలుగు. మూడూ వేరువేరు మందులనుకుని మూడూ ఇస్తే ఒంట్లో నీరు, ఉప్పు పడిపోయి మనిషి కళ్లు తిరిగి పడతాడు. అన్నీ ఒకటే అనుకుని ఆపేస్తే కాళ్లు వాస్తాయి. లేని మందుకు ‘ఎన్.ఏ.’ అని రాసిస్తే బయట కొని బిల్లు పెట్టుకోవాలి. కొనేదాకా రెండు మూడు మోతాదులు తప్పుతాయి. తెలుగు తెలిసిన నర్సు మూడో రోజున ఇంటికొచ్చి సంచి బల్ల మీద బోర్లించి, పాతవి తీసేసి, పొద్దున, రాత్రి డబ్బాలు సర్ది, తూకం యంత్రం ఎక్కించి బరువు రాసిపెట్టడానికి గంట చాలు. కోల్‌మన్ పద్ధతిలో ఇంటికి వెళ్లి చేసే పనిలో ప్రధాన భాగం ఇదే.

భారతదేశంలో జరిగిన పరీక్షలు ఆశకు హద్దు గీస్తాయి. పక్షవాతం తర్వాత కుటుంబ సభ్యులకే వ్యాయామాలు నేర్పి ఇంట్లో చేయించే ఎటెండ్ పరీక్ష 14 ఆసుపత్రుల్లో 1,250 మందితో జరిగి 2017లో వెలువడింది. ఆరు నెలలకు మరణమో పరాధీనతో రెండు జట్లలోనూ 47 శాతమే. ఇంటివాళ్ల ప్రేమ నిపుణుల పనికి ప్రత్యామ్నాయం కాదని దాని అర్థం. బెంగళూరు సెయింట్ జాన్స్ పరిశోధకులు నడిపిన స్ప్రెడ్ పరీక్షలో గుండెపోటు తర్వాత 806 మందిలో సగం మందిని శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇళ్ల దగ్గర కూడా కలిశారు. ఏడాదికి మందులు సరిగా వాడినవాళ్లు 97 శాతం, మామూలు జట్టులో 92 శాతం. తిరుగు చేరికలు తేల్చేంత పెద్ద పరీక్ష కాదది. అయినా డిగ్రీలేని, శిక్షణ ఉన్న మనిషి ఏ పని చేయగలరో చూపింది.

ప్రభుత్వాలు గడపలు తొక్కడం మొదలైంది. హూడికి దూరం కాని కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో 2021 ఆగస్టు 5న తమిళనాడు ‘మక్కళై తేడి మరుత్తువం’ మొదలుపెట్టింది. 2023లో ఆంధ్రప్రదేశ్ ఫ్యామిలీ డాక్టర్ పథకంలో డాక్టరు పల్లెకు వెళ్లి, మంచం పట్టినవాళ్లను ఇంటి దగ్గరే చూడాలన్నారు. కర్ణాటక 2024లో గృహ ఆరోగ్యను కోలారు నుంచి మొదలుపెట్టింది. ఇవన్నీ ఎక్కువగా బీపీ, షుగర్ కనిపెట్టి మందులందించే పథకాలు. డిశ్చార్జి అయి వచ్చిన మనిషిని మూడో రోజున వెతుక్కుంటూ వెళ్లడం వాటి ప్రధాన పని కాదు.

తేలని సంగతులు

మొదటిది అధికారం. ఇంటికొచ్చిన నర్సు రెండు రోజుల్లో రెండు కిలోలు పెరిగిన బరువు చూసి నీరు తీసే మాత్ర మోతాదు మార్చవచ్చా? మార్చకూడదంటే, మార్చగల డాక్టరు ఫోను ఎత్తుతారా? ఈ ఏర్పాటు లేని ఇంటి సందర్శన జబ్బును కనిపెడుతుంది, మళ్లీ ఆసుపత్రికే పంపుతుంది. 1996 ఫలితం మన దగ్గర పునరావృతమవుతుంది.

రెండోది డబ్బు. హ్యూజ్ పరీక్షలో ఇంటి జట్టు ఖర్చు తగ్గించలేదు. ఆదా అవుతుందని చెప్పి మొదలుపెట్టిన పథకం ఆదా కాని రోజున మూతపడుతుంది. అందరికన్నా బలహీనులైన కొద్దిమందికి, డిశ్చార్జి తర్వాత మొదటి రెండు మూడు వారాలకు పరిమితం చేసి మొదలుపెట్టడం నాకు న్యాయంగా తోస్తుంది. హ్యూజ్, నేలర్ ఫలితాలు రెండూ అటే చూపుతున్నాయి.

మూడోది భార్యల శ్రమ. నూరు శాతం అంగవైకల్యం ఉన్న పెన్షనర్లకు సహాయకుడి భత్యం ఉంది. గుండె చెడి మంచం పట్టిన మామూలు పెన్షనరు భార్యకు అలాంటిదేమీ లేదు. రాత్రి నాలుగుసార్లు లేచేది ఆవిడే. ఆవిడ కూడా ఈసీహెచ్‌ఎస్ లబ్ధిదారే. ఆవిడ తుంటి విరిగితే ఆ ఇంట్లో రెండు చేరికలు. పైన చూసిన తిరుగు చేరికల లెక్కలేవీ ఈ రెండో చేరికను మొదటి దాని ఖాతాలో రాయలేదు.

నాలుగోది ముగింపు దశ. తిరువనంతపురం గుండె వైఫల్య నమోదులో 2013లో ఆసుపత్రిలో చేరిన 1,205 మందిలో దాదాపు మూడో వంతు ఏడాది తిరక్కుండానే మరణించారు. అలాంటివాళ్లలో కొందరికి కావలసింది తిరుగు చేరిక తప్పడం కాదు, చివరి వారాలు సొంత మంచం మీద, నొప్పి, ఆయాసం లేకుండా గడవడం. ఇంటి దగ్గరి ఉపశమన వైద్యం కేరళలో 1990ల నుంచి పెరిగి, ఊరూరా స్వచ్ఛంద సేవకులతో నిలదొక్కుకుంది. హూడికి పక్కనే, పాత ఎయిర్‌పోర్ట్-వర్తూరు రోడ్డులో, బెంగళూరు హాస్పిస్ ట్రస్ట్ నడిపే కరుణాశ్రయ క్యాన్సర్ రోగుల ఇళ్లకు ఏళ్ల తరబడి వెళుతోంది. గుండె, ఊపిరితిత్తుల జబ్బుతో అదే దశకు చేరిన మాజీ సైనికుడి ఇంటికి వెళ్లాల్సింది ఎవరు? పాలీక్లినిక్ డాక్టరా, కమాండ్ హాస్పిటల్ జట్టా, ఇలాంటి ట్రస్టా? ఆయన్ను చివరిసారి ఆసుపత్రికి తీసుకెళ్లాలా వద్దా అని ఇంట్లోవాళ్లు రాత్రి రెండింటికి ఎవరికి ఫోన్ చేసి అడగాలి?